మా అమ్మ సాక్ష్యం చెప్పిన ఊరు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే లాస్ వేగాస్ వెళ్తారు, గ్రాండ్ కాన్యన్ వెళ్తారు, ఎక్కడైనా కొత్త గుడి కడితే అక్కడికీ వెళ్తారు. వచ్చాక ఫోటోలు పెడతారు. నేను వెళ్ళిన చోటికి కూడా కొందరు వెళ్ళే ఉంటారు కానీ ఇంతవరకూ ఎవరూ ఫోటోలు పెట్టలేదు. అందుకని నేను రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. అక్కడ వెయిటింగ్ లిస్టు ఇప్పటికే పొడవుగా ఉంది.

అక్కడ చూడదగ్గది ఒక యూనివర్సిటీ క్లినిక్. నాకు ఆటిజం ఉందో లేదో ముప్పై ఆరేళ్ళ వయసులో తేల్చుకోవడానికి వెళ్ళాను. వెంట మా అమ్మ.

ఫ్రీమాంట్

మా ఆఫీసులో గోడలు తీసేశారు. అందరూ ఒకే హాల్లో కూర్చుని, ఒకరి మాటలు ఒకరు వింటూ, కలిసి ఎదగాలని కంపెనీ ఉద్దేశం. నేను ఎదగలేదు. మధ్యాహ్నానికి తల పగిలిపోయేది, పార్కింగ్‌లో కారు తలుపులు వేసుకుని కూర్చునేవాణ్ణి. రివ్యూలో మేనేజర్ ‘టీమ్‌తో కలవడు’ అని రాశాడు. ఇంకోసారి అలా రాయాల్సివస్తే ఉద్యోగం ఉండదని నోటితో కూడా చెప్పాడు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దేశం కూడా పోయినట్టే. హెచ్‌ఆర్‌లో ఉన్నావిడ మంచిది. డాక్టర్ రిపోర్టు తెస్తే విడిగా గది ఇస్తామనీ, పనులు నోటితో కాకుండా మెయిల్‌లో చెప్పమంటామనీ అంది.

రిపోర్టు తేవడం అంత తేలిక కాదు. ఇన్సూరెన్స్‌వాళ్ళ లిస్టులో ఉన్న అందరికీ ఫోన్ చేశాను.

“పేషెంట్ వయసెంత?”

“ముప్పై ఆరు.”

“మీ వయసు కాదు సార్, బాబు వయసు.”

“బాబును నేనే.”

అక్కడితో ఫోన్ పెట్టేసేవారు. మర్యాదగానే పెట్టేసేవారు. పెద్దవాళ్ళను చూసే ప్రైవేటు సైకాలజిస్టులు బే ఏరియాలో లేకపోలేదు, కానీ వాళ్ళు ఇన్సూరెన్స్ ముట్టుకోరు. ఒకావిడ ఐదు వేల డాలర్లంది, ఇంకొకాయన ఆరున్నర వేలన్నాడు. నేను కన్సల్టెన్సీ ద్వారా పనిచేసేవాణ్ణి. ఫ్రీమాంట్‌లో అద్దె కట్టాక మిగిలేదాన్ని బట్టి చూస్తే నాకు ఆటిజం లేకపోవడమే చవక.

చివరికి ఈ యూనివర్సిటీ క్లినిక్ దొరికింది. పీహెచ్‌డీ చదివే పిల్లలు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పరీక్ష చేస్తారు. మూడు వందల యాభై డాలర్లు. ఎనిమిది నెలలు ఎదురుచూశాక పిలుపు వచ్చింది. ఒక్కటే షరతు: చిన్నప్పుడు మిమ్మల్ని దగ్గరగా చూసిన మనిషిని తీసుకురావాలి. నాన్న లేరు. అమ్మ అప్పుడే విజిటర్ వీసా మీద నా దగ్గరికి వచ్చి ఉంది.

“నా బ్రెయిన్ ఎలా పనిచేస్తుందో చూస్తారమ్మా. నిన్ను కూడా కొన్ని క్వశ్చన్స్ అడుగుతారు,” అన్నాను.

“బ్రహ్మాండంగా పనిచేస్తది. దానికి అంత దూరం ఎందుకురా?” అని అమ్మ పులిహోర కలపడానికి వెళ్ళిపోయింది.

ఆల్టమాంట్ కనుమ

ఫ్రీమాంట్ దాటి తూర్పుకి వెళ్తే ఎండిన గడ్డి కొండలు వస్తాయి, వాటిమీద గాలిమరలు. చాలావరకు తిరుగుతుంటాయి, కొన్ని ఊరికే నిలబడి ఉంటాయి. “అవెందుకు తిరగట్లేదు?” అని అడిగింది అమ్మ. తెలియదన్నాను. “పోనీలే, అన్నీ తిరగాలనేముంది,” అంది. అక్కణ్ణుంచి దిగితే బాదం తోటలు. బాపట్ల దారిలో వరిచేలు ఎలా అయితే అయిపోవో ఇవీ అలాగే అయిపోవు. అమ్మ కాసేపు చూసి నిద్రపోయింది.

దాబా

తొంభై తొమ్మిదో నంబరు రోడ్డు పక్కన పంజాబీ లారీ డ్రైవర్ల కోసం పెట్టిన దాబా ఒకటి ఉంది. ఆలూ పరాఠా ఏడు డాలర్లు, పెరుగు, పచ్చడి ఫ్రీ. అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, ఆరు వందల పరాఠా ఎలా ఉంటుందో చూద్దామని తింది. బాగుందని ఒప్పుకుంది. నేను ఇంట్లోంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. కొత్తచోట నేను కొత్త తిండి తినను.

పరాఠాలు కాల్చే పంజాబీ ఆవిడ పంజాబీలో, అమ్మ తెలుగులో మాట్లాడుకున్నారు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బయలుదేరేటప్పటికి ఆవిడకు ముగ్గురు కూతుళ్ళనీ, చిన్నదానికి ఇంకా పెళ్ళి కాలేదనీ అమ్మకు తెలుసు. నాకు ఆఫీసులో అందరితో ఒకే భాష. పక్క సీటతనికి పెళ్ళయిందో లేదో ఇప్పటికీ తెలియదు.

నా బల్ల దగ్గర కూర్చున్న సర్దార్జీ ఎక్కడికని హిందీలో అడిగాడు. అడిగితే నేను ఉన్నది చెప్పేస్తాను, అది నా జబ్బు. ఆటిజం టెస్టుకి అన్నాను. ఆయన టీ పక్కన పెట్టి ఆలోచించాడు.

“మా అన్నకొడుక్కి ఉంది. మంచి పిల్లాడు,” అన్నాడు. తర్వాత, “కంప్యూటర్ వదిలెయ్ తమ్ముడూ, లారీ నడుపు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు,” అన్నాడు.

ఆ ఎనిమిది నెలల్లో నాకు ఉచితంగా దొరికిన సలహాల్లో ఇదే మంచిది.

మోటెల్

మోటెల్ ఒక గుజరాతీ ఆంటీది. లాబీలో అగరొత్తుల వాసన, గోడమీద శ్రీనాథ్‌జీ కృష్ణుడి పటం. రాత్రికి డెబ్భై డాలర్లు. పనేమిటని ఆంటీ అడిగితే, నేను నోరు తెరిచేలోగా అమ్మ “యూనివర్సిటీ! యూనివర్సిటీ!” అంది. దాంతో నేను అక్కడ ప్రొఫెసర్నయిపోయాను. ఇంకో రెండు తువ్వాళ్ళు ఇచ్చారు.

సాయంత్రం అమ్మ సూట్‌కేసులోంచి కరెంటు పొయ్యి తీసి, రసానికి పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, మిరపకాయలు మాడాయి, వెంటనే గది కప్పుకి బిగించి ఉన్న స్మోక్ అలారం అరవడం మొదలుపెట్టింది. మామూలు మనిషి కిటికీ తెరుస్తాడు. నేను చెవులు మూసుకుని చెప్పుల్లేకుండా పార్కింగ్‌లోకి పరుగెత్తి, కారు వెనక సీట్లో ముడుచుకుని పడుకున్నాను.

కాసేపటికి అమ్మ వచ్చింది. ఏమైందని అడగలేదు. ప్రొఫెసర్ల కోటాలో వచ్చిన తువ్వాలు నా తలమీద కప్పి, ముందు సీట్లో కూర్చుంది. అలారం ఆగేదాకా అక్కడే ఉంది. తర్వాత రసం చల్లారిపోతుందని లేపింది.

క్లినిక్, మొదటి రోజు

వెయిటింగ్ రూమ్‌లో ఒక్కటి తప్ప కుర్చీలన్నీ పిల్లలవి. అమ్మ పెద్ద కుర్చీలో, నేను ఏనుగు బొమ్మ ఉన్న చిన్న కుర్చీలో కూర్చున్నాం. నన్ను పరీక్షించే అమ్మాయి పేరు మేగన్. పీహెచ్‌డీ చివరి సంవత్సరం. నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే ఎక్కువ కంగారు పడుతోంది.

పొద్దున్నంతా నాతో పని. బొమ్మ కారు, తాడుముక్క, ఈక బల్లమీద పెట్టి ఒక కథ చెప్పమంది. కారుకి తాడు కట్టి లాగితే ఎటు వెళ్తుందో చెప్పాను. “ఇంకా?” అంది. ఈకకి ఇందులో పనిలేదన్నాను. రాసుకుంది. స్నేహం అంటే ఏమిటని అడిగింది. అది నాకంటే వేరేవాళ్ళను అడిగితే బాగుంటుందన్నాను. అదీ రాసుకుంది.

మధ్యాహ్నం అమ్మ వంతు. మామూలుగా విడిగా అడుగుతారట. వాడు పక్కన లేకపోతే నేను నోరు విప్పనని అమ్మ కూర్చుంది. మేగన్ లోపలికి వెళ్ళి ప్రొఫెసర్ని అడిగొచ్చింది. నేను ఉండొచ్చు, మాట్లాడకూడదు.

అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి స్పీకర్ ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచారు. ఆవిడకి పేరు లేదు, ఒక నంబరుంది. “ఈ గదిలో అన్న ప్రతి మాటా నేను అటూ ఇటూ చెప్పాల్సి ఉంటుందండీ,” అని మొదటే చెప్పింది. అమ్మ వినిపించుకోలేదు. తెలుగు వినబడిన ఆనందంలో ఉంది.

“ఏ ఊరమ్మా మీది?” అంది.

ఇంటర్‌ప్రెటర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. మేగన్ బేకర్స్‌ఫీల్డ్‌లో పెరిగానంది.

“నేను బేకర్స్‌ఫీల్డ్‌లో పెరిగానండీ,” అంది ఇంటర్‌ప్రెటర్.

“అట్నా! పెళ్ళయిందా?”

మేగన్ చెవులు ఎర్రబడ్డాయి. ఎంగేజ్‌మెంట్ అయిందంది. నిశ్చితార్థం అయిందండీ అని ఫోను చెప్పింది. అమ్మ ఫోనుకి శుభాకాంక్షలు చెప్పింది. నేను మాట్లాడకూడదు కాబట్టి కిటికీ వైపు చూశాను.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. వాటితోపాటు నా కష్టాలు కూడా. ఎందుకంటే మా అమ్మకు ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని నా గుణగణాలు అడగడం ఒకే ఒక సందర్భంలో తెలుసు. మా అమ్మ నన్ను పెళ్ళి సంబంధానికి చూపిస్తోంది.

తోటి పిల్లలతో ఆడుకునేవాడా? “వీధిలో పిల్లలంతా వీడి చుట్టూనే!” తిండి విషయంలో పట్టింపులు? “ఏది పెడితే అది తింటాడు.” ప్రత్యేకమైన అలవాట్లు? “ఒక్క చెడ్డ అలవాటు లేదు. సిగరెట్ ముట్టడు, మందు ముట్టడు.” పెద్ద శబ్దాలకు ఇబ్బంది పడేవాడా?

“అబ్బే,” అంది అమ్మ. తువ్వాలు కప్పి ఇంకా ఒక రోజు గడవలేదు.

మేగన్ అన్నిటికీ ‘లేదు’ అని రాసుకుంటూ పోతోంది. మధ్యలో అమ్మ ఫోను వైపు వంగి గొంతు తగ్గించింది. “అమ్మాయ్, మనలో మాట. ఆటలకి బయటికి పొయ్యేవాడు కాదనుకో. ఇంట్లో ఒక్కడే చీపురుపుల్లలు వరసగా పేర్చుకునేవాడు. ఇది ఆమెకి చెప్పమాక.”

ఇంటర్‌ప్రెటర్ అంతా చెప్పింది. ‘ఇది ఆమెకి చెప్పమాక’ కూడా చెప్పింది. మేగన్ తలెత్తింది.

“చెప్పమాక అన్నానుగా!” అంది అమ్మ. అదీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అమ్మ పెదవులు బిగించేసింది. ప్రతి ప్రశ్నకీ “బంగారం” అనే జవాబు.

సాయంత్రం మేగన్ నన్ను పక్కకి పిలిచింది. “మీతో చేసిన పరీక్షలో నాకు చాలా కనిపించాయి. కానీ అవి చిన్నప్పటినుంచీ ఉన్నాయని చూపించాలి. మీ అమ్మగారు ఏమీ లేదంటే మా ప్రొఫెసర్ ఆటిజం అని రాయలేరు. రేపు పొద్దున ఇంకొక్కసారి మాట్లాడతాను. ఎందుకు అడుగుతున్నామో ఆమెకి చెప్పండి. ఏం చెప్పాలో మాత్రం చెప్పకండి,” అంది.

పండ్ల కొట్టు

దారిలో తోటవాళ్ళే పెట్టుకున్న పండ్ల కొట్టు ఉంది. పీచ్ పండ్లు పౌండు రెండు డాలర్లు. అమ్మ ప్రతి పండూ ఒత్తి చూసింది. కొట్టావిడ స్పానిష్‌లో ఏదో అంది. ఒత్తొద్దని అయి ఉంటుంది. ఒత్తినవన్నీ కొనుక్కుని చెట్టునీడన బల్లమీద కూర్చున్నాం. అమ్మకి ఇంకా ఇంటర్‌ప్రెటర్ మీదే కోపం. తెలుగుపిల్ల అయ్యుండి అంత మాట మోసేస్తుందనుకోలేదంది.

“అమ్మా, అక్కడ ఎందుకలా చెప్పావు?”

“మరెట్టా చెప్తారు? రాసిపెట్టుకుంటందిరా ఆమె. రాసింది పోదు. రేపు ఎవరన్నా సంబంధం వాళ్ళు...”

“సంబంధం వాళ్ళెవరూ లేరు.”

అమ్మ పీచ్ తొక్క తీస్తూ ఉంది. నేను ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. ఆఫీసు గురించి చెప్పాను. గోడలు తీసేయడం, మేనేజర్ రాసిన మాట, కారులో కూర్చునే మధ్యాహ్నాలు. ఈ రిపోర్టు రాకపోతే ఉద్యోగం పోతుందని చెప్పాను. చెబుతూ చెబుతూ ఇంకో మాట కూడా అన్నాను. అది ఉద్యోగం గురించి కాదు.

“నాకు చాలా కష్టంగా ఉందమ్మా. అందరూ ఈజీగా చేసేవి నాకెందుకు రావో నాకు తెలియాలి.”

“కష్టమా? నీకా?” అంది అమ్మ. నిజంగానే ఆశ్చర్యపోయింది. “నువ్వేనాడూ కష్టపళ్ళేదే.”

పండు ముక్కలు నా ముందు పెట్టింది. తొక్క ఎక్కడా లేకుండా తీసింది. ఆ నూగు నాకు పడదని నేనెప్పుడూ ఆమెకి చెప్పలేదు.

క్లినిక్, రెండో రోజు

ఈసారీ ఫోన్‌లో అదే నంబరావిడ. అమ్మ ఊరు అడగలేదు. మేగన్ ప్రశ్న మొదలుపెట్టకముందే తనే మాట్లాడింది.

“నిన్న నేను అబద్ధం చెప్పలేదు. వీడికి ఇబ్బంది లేదన్నా. లేదు. నేను రానిస్తేగా?”

ఇంటర్‌ప్రెటర్ చెప్పింది. మేగన్ పెన్ను కింద పెట్టేసింది.

“కొత్త చొక్కా కొంటే మెత్తబడేదాకా ఉతికి అప్పుడు తొడిగేదాన్ని. మెడకాడ లేబులు బ్లేడుతో కోసేదాన్ని. బళ్ళో వీణ్ణి గంట కొట్టేచోటి పక్కగదిలో కూచోబెట్టారు, ఆ మోతకి రోజూ వాంతులు. హెడ్మాస్టరు దగ్గరికి పోయి, పిల్లాడికి చెవిలో చీము, దూరంగా కూచోబెట్టండయ్యా అన్నా. చీమూ లేదు, ఏం లేదు. పెళ్ళిళ్ళకి పోతే మేళం ఎత్తుకునే వేళకి పిల్లాడికి కడుపునొప్పని చెప్పి తీసుకొచ్చేసేదాన్ని. ఈమెకి మా ఇంటి పెళ్ళిళ్ళంటే గిట్టదని మా ఆడపడుచులు అనేవాళ్ళు. అననీ.”

ఇంటర్‌ప్రెటర్లు ‘ఆమె’ అని చెప్పరు, ‘నేను’ అనే చెప్తారు. అది వాళ్ళ రూలు. అమ్మ ఆపిన ప్రతిసారీ, నేనెప్పుడూ చూడని ఆడమనిషి ఒకావిడ ఇంగ్లీషులో ‘నేను లేబుళ్ళు కోసేదాన్ని’ అంటూ ఉంది. నా బాల్యం నేను రెండేసి సార్లు విన్నాను.

“దీపావళి నాడు పొద్దుగూకక ముందే వీణ్ణి తీసుకుని తెనాల్లో రేపల్లె పాసింజరెక్కేదాన్ని. ఆ రోజు పెట్టెలో ఎవరూ ఉండరు. రేపల్లెలో దిగి, బల్లమీద కూచుని పెరుగన్నం తిని, తిరుగుబండికి వచ్చేవాళ్ళం. అప్పటికి టపాకాయలు సద్దుమణిగేయి.”

ఆ రైలు నాకు బాగా గుర్తుంది. దీపావళికి అందరూ టపాకాయలు కాలుస్తారనీ, రేపల్లె వెళ్ళడం మా ఇంటి ఆచారమనీ అనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో మా రూమ్మేట్‌కి కూడా అలాగే చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. మాట్లాడకూడదన్నారు గానీ ఏడవకూడదనలేదు కాబట్టి ఏడ్చాను.

మేగన్ తన కాగితాల్లో లేని ప్రశ్న ఒకటి అడిగింది. “ఇవన్నీ చేస్తే అబ్బాయికి బాగుంటుందని మీకెలా తెలిసింది? ఎవరైనా డాక్టర్ చెప్పారా?”

అమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. ఇంటర్‌ప్రెటర్ మళ్ళీ చెప్పింది.

“ఎట్టా తెలవడమేందమ్మా? నాకూ అంతేగా.”

“ఇంటర్‌ప్రెటర్ ఆ మాట మళ్ళీ చెప్పమని కోరుతోంది,” అంది ఫోన్‌లో ఆవిడ. వాళ్ళు తమ గురించి చెప్పుకునేటప్పుడు అలా మూడో మనిషిలా చెప్పుకోవాలట. అమ్మ మళ్ళీ చెప్పింది. “నాకూ అంతే. అందరికీ అంతేననుకున్నా. వీడు పిల్లాడు కాబట్టి నేను చూసుకున్నా.”

తిరుగు దారి

రిపోర్టు నెలన్నర తర్వాత వచ్చింది. ఆటిజం అని ఉంది. ఆఫీసులో సరుకులు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసి నాకిచ్చారు. కిటికీ లేదు, తలుపుంది. పనులు మెయిల్‌లో వస్తున్నాయి. మేనేజర్ ఈసారి రివ్యూలో ‘మెరుగుపడ్డాడు’ అని రాశాడు. నేనేమీ మెరుగుపడలేదు, తలుపు వేసుకున్నానంతే. ఉద్యోగం ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా: వెళ్ళండి, తల్లి ఉండగా వెళ్ళండి.

క్లినిక్ నుంచి తిరిగొస్తున్న రోజున కారులో అమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. బాదం తోటలు మళ్ళీ మొదలయ్యాయి.

“ఏరా, నాలాంటి పెద్దవాళ్ళక్కూడా చేస్తారా అది?”

“చేస్తారమ్మా.”

“ఎంతంట?”

“అదే రేటు.”

రూపాయల్లోకి లెక్కేసుకుంటోందనుకున్నాను. ఆమె ఆలోచన అది కాదు.

“మరి నా చిన్నప్పటి సంగతి చెప్పడానికి ఎవరున్నార్రా?”

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. తాతయ్య అంతకుముందే పోయాడు. పెద్దమ్మ మొన్న వేసవిలో పోయింది. అమ్మను చిన్నపిల్లగా చూసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక పెట్రోల్ బంకు పక్కన కారు ఆపాను. ఏం చెయ్యాలో తెలియక, మేగన్ అడిగిన మొదటి ప్రశ్నే అడిగాను.

“చిన్నప్పుడు ఎవరితో ఆడుకునేదానివమ్మా?”

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది.

“ఈ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదురా,” అంది.

ఇంజన్ ఆపేశాను. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది.